నేను కూర్చున్న క్లాసు

గచ్చిబౌలి దగ్గర ఒక కాలేజీలో ఏడాదిపాటు ఎం.ఏ. చరిత్ర పాఠాలు విన్నాను. పరీక్ష రాయను, మార్కులు రావు, హాజరు పట్టీలో పేరుండదు. బతిమాలితే మాస్టారు "వెనక కూర్చుని వినమ్మా" అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాది మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి కుదిరింది. మాది కాకినాడ వైపు. నా యాసకు క్లాసంతా నవ్వినా, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం జరిగి నాకు చోటిచ్చేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బంద్ రోజున విద్యార్థులు గది బయటే కూర్చునేవాళ్లు. లోపల ఎవరూ లేకపోతే మాస్టారు "క్లాసు జరగలేదు" అని రాసి వెళ్లిపోయేవారు. ఎవరికీ హాజరు పోయేది కాదు. ఎవరూ పైకి అనని ఒప్పందం అది.

ఒక బంద్ రోజు ఆటోలు లేక లింగంపల్లి నుంచి నడిచే వచ్చాను. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి ఆపింది.

"ఇయ్యాల లోపలికి పోకు అక్కా. జర మాతోని కూసో."

ఎండకు నడిచొచ్చిన ఒళ్లు మండింది. "నేను మీ లెక్కలో లేనిదాన్నేగా, కూర్చుంటే మీకేంటి?" అని లోపలికి వెళ్లాను. మీ గొడవకు నా పాఠం ఎందుకు పోవాలన్న ఉక్రోషం కూడా ఉంది, ఇప్పుడు దాచడమెందుకు.

మాస్టారు నన్ను చూసి గుమ్మంలోనే ఆగారు. లేస్తానేమోనని చూశారని ఇప్పుడు అనిపిస్తుంది. నేను లేవలేదు. ఒక్కరు కూర్చున్నా క్లాసు జరిగినట్టే. ఆయన పట్టీ తెరిచి, ఖాళీ బెంచీల ముందు ఒక్కో పేరూ పిలిచారు. ఆమె పేరు పిలిచినప్పుడు కూడా పెన్ను మూత తీసి కూర్చునే ఉన్నాను. తర్వాత గంటసేపు పాఠం చెప్పారు. చాలా బాగా చెప్పారు.

జ్వరంతో అంతకుముందే రెండు వారాలు రాలేకపోయిన ఆమెకు ఆ ఒక్క క్లాసుతో హాజరు తక్కువైంది. పరీక్ష రాయనివ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. "జరిగిన క్లాసు జరగలేదని ఎలా రాయనమ్మా?" అన్నారు.

హాస్టల్‌కు వెళ్లేసరికి ఆమె బట్టలు సర్దుకుంటోంది. తప్పు నాదేనన్నాను. తిట్టినా బాగుండేది.

"ఫికర్ చెయ్యకు అక్కా, వచ్చే ఏడు రాస్త" అంది. చేతిలోని బట్ట మడతపెట్టి, "ఆ దినం సార్ ఏం చెప్పిండు? నువ్వు రాసుకున్నది ఇస్తవా?" అని అడిగింది.

నాలుగు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకున్నాను. సంచిలోనే ఉన్నాయి. తీసి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.