సుత్తి దెబ్బల మధ్య ఖాళీ

ఇంగ్లండులోని మా క్రాడ్లీ హీత్‌లో డ్రమ్ములు వాయించే డెస్ టిబెట్స్‌ని ఎరగనివాళ్ళు లేరు. అతని గురించి వాళ్ళు చెప్పేవాటిలో సగం అబద్ధాలే. హోటల్ కిటికీలోంచి టీవీ విసిరాడంటారు. ఇంట్లో టీవీ పాడైతే విప్పి బాగుచేసుకునే మనిషి పరాయి టీవీ విసురుతాడా?

నా పేరు ఐరిస్ డన్. యాభై ఏళ్ళుగా మా కార్మికుల క్లబ్బులో బింగో ఆటకి అంకెలు పిలుస్తున్నాను, ఆదివారం మధ్యాహ్నం కచేరీలు కుదురుస్తున్నాను. అంతకుముందు నేనూ డెస్సూ ఒకే ఇనప కార్ఖానాలో పనిచేశాం. పదిహేనో ఏటినుంచీ అతనిది ఆవిరితో నడిచే పెద్ద సుత్తి దగ్గర పని. సుత్తి రెండుసార్లు పడేది. తరవాత ఎర్రటి ఇనుమును పట్టకారుతో తిప్పడానికి చిన్న ఖాళీ. మళ్ళీ రెండు దెబ్బలు. ఆ మోతలో మాట వినపడదు గనుక పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళం. మొహం పక్కకు తిప్పి మాట్లాడితే మాలో అది బూతు కిందే లెక్క.

ఆ రెండు దెబ్బల్నీ ఆ ఖాళీనీ డెస్ డ్రమ్ముల మీదికి తెచ్చాడు. అక్కడే పనిచేసే మెర్విన్ హింగ్లీ పాడాడు, ఇంకో ఇద్దరు గిటార్లు పట్టారు. బృందానికి కార్ఖానా వీధి పేరే పెట్టుకున్నారు, ఫర్నేస్ లేన్ అని. మొదటిసారి మా క్లబ్బులో పాడుతుంటే, బింగో వేళయిందని పాట సగంలో స్టేజి మీంచి దింపేశాను. వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. మూడేళ్ళు తిరక్కముందే లండన్, జర్మనీ, అమెరికా. ఎనిమిదేళ్ళు వెలిగి, కొట్టుకుని విడిపోయారు. ఆ దెబ్బ మాత్రం ఆగలేదు, దేశదేశాల బృందాలు దాన్నే వాయించాయి. బ్రెజిల్ నుంచీ ఫిన్లాండ్ నుంచీ జుట్టు పెంచిన కుర్రాళ్ళు కార్ఖానాని ఫోటో తీసుకుందామని ఇప్పటికీ వస్తారు. అక్కడిప్పుడు సూపర్‌మార్కెట్ ఉంది. ట్రాలీల ఫోటో తీసుకుని పోతారు పాపం.

కిందటేడు మెర్విన్ దిగాడు. అందరం డెబ్బై దాటాం, పోయేలోగా ఇంకొక్కసారి కచేరీలు చేస్తూ ఊళ్ళు తిరుగుదామన్నాడు. ముందు డెస్ మా క్లబ్బులో వాయించి చూపించాలట. చెయ్యి ఆడకపోతే లీడ్స్‌లో డ్రమ్ములు వాయించేవాడు ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడట.

ఆ మాట విన్నరోజే డెస్ మా ఇంటికొచ్చి, తన చెవులు పూర్తిగా పోయి మూడేళ్ళయిందని చెప్పాడు. పెదవులు చదువుతూ నెట్టుకొస్తున్నాడు, నాకే తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది. మరెలా వాయిస్తావని నిలదీశాను.

"మొదలెట్టేది నేనేగా. వాళ్ళు నా వెనకాల వస్తారు. ఎప్పుడూ అంతేగా" అన్నాడు.

అతని భయమల్లా మా క్లబ్బులో డ్రమ్ముల వెనక గోడమీది పెట్టె గురించి. ఇరుగుపొరుగుల గోల పడలేక మున్సిపాలిటీ పెట్టించింది. చప్పుడు మితిమీరితే ఎర్రదీపం వెలుగుతుంది, అప్పటికీ తగ్గకపోతే స్టేజిమీది గిటార్లకీ మైకులకీ కరెంటు పోతుంది, దీపాలకి పోదు. గిటార్లు మూగబోతాయి. డ్రమ్ములకి కరెంటుతో పనిలేదు.

"కరెంటు పోతే నాకు తెలీదు. నువ్వు బార్ దగ్గర నిలబడి తువ్వాలెత్తు, ఆపేస్తా. నన్ను వెళ్ళనీ ఐరిస్. ఇంట్లో కూచుంటే బుర్రలో ఒకటే హోరు. వాయిస్తేనే ఆగుద్ది."

సరేనన్నాను.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నేను తెల్ల తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. డెస్ నా మీదినుంచి చూపు తిప్పలేదు. మూడు పాటలు బాగా సాగాయి. నాలుగోది ఆనాడు నేను సగంలో ఆపించిన పాట. ఆగిపోయిన చోటు దాటి ఆ హాల్లో అది ముందుకెళ్ళడం అదే మొదలు. ఆ పాట వింటూ కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి ఎర్రదీపం వెలిగి, కరెంటు పోయి ఉంది; గిటార్లు వినపడ్డం లేదు, పాట లేదు. రెండు దెబ్బలు, ఖాళీ, రెండు దెబ్బలు. మెర్విన్ మూగ మైకు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఎవరో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. డెస్ నన్నే చూస్తూ వాయిస్తున్నాడు. తువ్వాలు లేవలేదు గనుక అంతా బాగానే ఉందనుకుంటున్నాడు. అప్పుడు ఎత్తాను. అప్పటికే అతనికి వినపడదని హాలంతటికీ తెలిసిపోయింది.

మెర్విన్ మంచివాడో కాదో నాకిప్పటికీ తేలలేదు. ఆవేళ మాత్రం మొహం తిప్పుకోలేదు. డెస్‌కి ఎదురుగా వెలుతురులో నిలబడి, కార్ఖానాలోలాగా గొంతు లేకుండా పెదవులతోనే చెప్పాడు. అది చదవగలిగిన ముసలివాళ్ళం ఆ హాల్లో నలుగురమో ఐదుగురమో.

"నిన్ను తీసుకెళ్ళలేను డెస్. ఆ పెద్ద స్టేజీల మీద నెత్తిన ఏదన్నా పడబోతున్నా నీకు వినపడదు. ఆ లీడ్స్ వాణ్ణి పిలుస్తా."

డెస్ తలూపి, కర్రలు సంచీలో పెట్టుకున్నాడు.

తరవాత నేను వెళ్ళి అతని ఎదురుగా కూర్చుని, తప్పు నాదేనన్నాను. ఎటు చూస్తున్నావని అడిగాడు. ఎటూ చూడలేదని, పాట వింటూ కళ్ళు మూసుకున్నానని నిజమే చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే పడేదాన్ని. అతను అడిగింది ఇంకొకటి.

"దెబ్బల మధ్య ఖాళీ సరిగ్గా పడిందా?"

"పడింది" అన్నాను, పెదవులు బాగా కనిపించేలా.

ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.