నేను చెడగొట్టిన చెలమ

నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగానికి చేరిన మొదటి ఎండాకాలం, ఒక సెలవురోజు బుద్ధి గడ్డితిని పులికాట్ సరస్సులో తెరచాప పడవ ఎక్కాను. ఎండుచేపల కోసం అవతలి ఒడ్డుకు పోతున్న పడవాయన్ని బతిమాలి మరీ ఎక్కాను. సగం దారిలో గాలి పడిపోయింది. ఆయన గడకర్రతో నెట్టుకుంటూ పడవను ఒక ఇసుక దీవికి చేర్చి, గాలి లేచేదాకా ఇక్కడే అని తెరచాప నీడలో పడుకున్నాడు.

ఆ దీవిలో మిగిలింది ఒకే గుడిసె. తక్కినవాళ్ళంతా మంచినీళ్ళ కరువుకు తాళలేక ఒడ్డున ఉన్న ఊళ్ళకు వెళ్ళిపోయారట. గుడిసెలో ఒక అవ్వ, పురుడై నెల కూడా కాని ఆమె కోడలు, పసిబిడ్డ. కొడుకు వేటకు పోయాడు. నా నీళ్ళసీసా అప్పటికే ఖాళీ.

"అవ్వా, తాగను రవ్వన్ని నీళ్ళిస్తావా?"

"తెచ్చుకోకుండా ఎందుకొచ్చినావయ్యా?" అంటూ అరచెంబు ఇచ్చింది. ఇంకొంచెం అడిగితే "సాలు" అని చెంబు లాక్కుంది.

ఒళ్ళు మండిపోయింది. ఐరాల దగ్గర మాది రైతు కుటుంబం. ఎంత కరువులోనూ దారినపోయే మనిషికి చెంబుడు నీళ్ళు కాదన్న ఇల్లు కాదు. గుడిసె వెనక చెలమ కనిపించింది. మోకాటి లోతు గుంట, అడుగున జానెడు నీళ్ళు, గట్టున కొబ్బరిచిప్ప. ఈ ముసలిదానికి తవ్వుకోను ఒళ్ళు వంగదు గానీ నోరు మాత్రం ఉంది అనుకున్నాను. మా వైపు నీళ్ళు తగ్గితే ఇంకా లోతుకు పోవడమే. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. మూడు ఎండిపోయినా ఆ నమ్మకం మాత్రం ఎండలేదు. పక్కనున్న పార అడగకుండానే తీసుకుని నడుంలోతు తవ్వాను. నీళ్ళు బుడబుడా ఊరాయి.

"వచ్చి సూడవ్వా! ఇన్ని నీళ్ళు పెట్టుకుని అరచెంబు పోసినావే!"

అవ్వ వచ్చింది. దోసెడు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఓరి పాపిష్టోడా! పైన జానెడే మంచినీళ్ళు. కిందంతా ఉప్పు. అందుకే సిప్పతో పైపైన తోడుకుంటామురా. వాన పడేదాకా ఇంక ఇది గొంతు దిగదు. బాలింతకు ఏం పొయ్యాల?"

తప్పయిందని అనాల్సింది. "ముందే చెప్పుండొచ్చు గదా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

గాలి లేవగానే అవ్వ కోడలినీ బిడ్డనూ పడవ ఎక్కించింది, ఒడ్డున ఉన్న పుట్టింటికి. ఉన్న అరబిందె నీళ్ళతో కొడుకు వచ్చేదాకా తాను నెట్టుకొస్తానంది. ఆ పిల్ల నా ముఖం చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

పడవ కదలబోతుంటే ఏదో ఒకటి అనాలని, "వాన పడినాక మళ్ళీ వచ్చేస్తుంది కదవ్వా?" అన్నాను.

"నీళ్ళుండే కాడికి పోయినోళ్ళు ఒక్కరన్నా ఈడికి తిరిగొచ్చినారా?" అని అవ్వ గుడిసెలోకి వెళ్ళిపోయింది.