చూరులో గ్లాసు

ఇప్పుడు కాఫీ హోటలుకు వెళ్లడమంటే చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నంత పని. ఆ రోజుల్లో మాకు దానికి రిహార్సల్సు కావలసి వచ్చాయంటే మా మనవలు నమ్మరు. నేనైనా ఇంకొకరు చెబితే నమ్మేవాణ్ణి కాదు. యాభైల నాటి సంగతి. చోడవరం చివర మా పేట. ఊళ్లో వాళ్ల చెరుకు నరికేది మేము, బెల్లం పొయ్యిలోకి పిప్పి ఎగదోసేది మేము, ఆ బెల్లం దిమ్మలు బళ్లకెత్తేది మేము. (బెల్లానికి మైల లేదు, మాకే.) బజారులోని కాఫీ హోటల్లో మాత్రం మాకు వేరే మర్యాద ఉండేది. లోపల బల్లల మీద కూర్చునే వాళ్లకు తళతళలాడే ఇత్తడి గ్లాసులు. మాకు బయట తాటాకు చూరులో దోపిన సత్తు గ్లాసులు. ఎవరి గ్లాసు వాళ్లే తీసుకుని చాపితే పైనుంచి కాఫీ పోస్తారు. గోడవార గొంతుక్కూర్చుని తాగి, కడిగి, మళ్లీ చూరులో దోపాలి. నడక నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకున్నాం, ఎవరు నేర్పారో గుర్తులేదు.

ఇలా చేయడం నేరమని చట్టం వచ్చిందన్న కబురు పేటకు తెచ్చింది మా మేనత్త. ఆవిడ మిషను వారి బైబిలమ్మ. గొడుగేసుకుని వడ్డాది దాకా నడిచి ఊరూరా వాక్యం చెప్పేది. ఎంతటివాణ్ణైనా నిలబెట్టి అడిగేస్తుంది కనుక పేటంతా కలెక్టరమ్మ అనేవారు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక గొడుగు నేలకు పొడిచి, "సట్టం ఒచ్చింది గానీ ఆ గ్లాసులు ఇంకా సూరులోనే ఉన్నాయి. ఆటిని సట్టమొచ్చి తీదు. మనమే ఎల్లాల" అంది. పెద్దవాళ్లు నేలచూపులు చూశారు. రైతు పనిలోకి పిలవకపోతే మా ఇళ్లలో పొయ్యి వెలగదు. అప్పుడు అత్త చూపు నా మీద పడింది. నాకు కొత్తగా మిషను బళ్లో మేష్టరు ఉద్యోగం వచ్చింది. "ఒరే, నిన్ను ఏ రైతూ మానిపించనేడు. నువ్వు ముందు నడు. నువ్వు ఎనక్కి తిరిగొచ్చీసేవంటే ఈ పేటలో ఇంకెవుడూ ఆ గడప తొక్కడు" అంది. నా వెనక నడవడానికి బేండు మేళంలో వాయించే నా స్నేహితులిద్దరు ఒప్పుకున్నారు. (పెళ్లిళ్ల సీజను కాదు, వాళ్లకు వేరే పని లేదు.)

రిహార్సల్సు ప్రార్థన షెడ్డులో జరిగాయి. బెంచీ ఎక్కగానే బేండు వాళ్లిద్దరూ అలవాటు కొద్దీ కాళ్లు పైకి పెట్టి గొంతుక్కూర్చున్నారు. "కాళ్లు కిందకి దించండ్రా, కోడిపెట్టల్లాగ ఏటది!" అని అత్త గొడుగుతో మోకాళ్ల మీద తట్టింది. లోపలికెలా నడవాలి, ఎలా కూర్చోవాలి, కాఫీ ఎలా అడగాలి, ఎవరైనా తిడితే ఎలా ఊరుకోవాలి, అన్నీ నేర్పింది. నేను మాత్రం రాజ్యాంగం, సమానత్వం అంటూ ఒక ఉపన్యాసం బట్టీ పట్టాను.

సంత రోజున వెళ్లాం. అత్త ఎదురుగా రోడ్డవతల గొడుగు కింద నిలబడింది. మేము లోపల అడుగు పెట్టగానే హోటలంతా మా కేసి తిరిగింది. నేను కాళ్లు దించి కూర్చున్నాను. ఉపన్యాసం మొత్తం ఎటు పోయిందో, నోట్లోంచి "కాఫీ" అన్న ఒక్క మాట వచ్చింది, అదీ మూలుగులాగ. హోటలాయన గల్లా దగ్గర నుంచి లేచి, "ఏటిది? ఎవుడు రమ్మన్నాడ్రా లోపలికి?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. చీడికాడ నుంచి సంతకొచ్చిన ముసలాయన ఒకడు మాత్రం కదల్లేదు. "సట్టం ఒచ్చిందంట కదేటి బాబూ. పోసీ. నాకూ ఇంకోటి పొయ్యి" అన్నాడు. చట్టం మాటకు హోటలాయన ముఖం మాడింది. ఆ ముఖంతోనే ఇత్తడి గ్లాసుల్లో కాఫీ తెచ్చి మా ముందు పెట్టాడు.

మూతి కాలిపోతున్నా తాగేశాం. గెలిచేశాం అనుకున్నాం. లేచి, ముగ్గురం వరసగా బయట తొట్టి దగ్గరికెళ్లి, గ్లాసులు శుభ్రంగా కడిగి, ఆ ఇత్తడి గ్లాసులను తీసుకెళ్లి చూరులో దోపేశాం!

హోటలంతా గొల్లుమంది. చీడికాడ ముసలాయన కూడా నవ్వాడు. హోటలాయన తొడ చరుచుకుని, "సూసేరా! ఎన్ని సట్టాలొచ్చినా ఆళ్ల సోటు ఆళ్లకే తెల్సు" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఆ మాట ఈ రోజుకీ నాకు నొప్పే. అత్త అన్నీ నేర్పింది గానీ తాగాక ఏం చేయాలో నేర్పలేదు. ఆవిడకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇంతలో గొడుగు రోడ్డు దాటి వచ్చింది. అత్త చూరులోంచి మూడు గ్లాసులూ లాగి, మమ్మల్ని ముందు తోసుకుంటూ లోపలికి నడిచింది. "కూకోండి. ఇంకోసారి పొయ్యి బాబూ, నాకూను" అంది. పోశాడు. తాగాం. అత్త ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. మేమూ పెట్టాం. నా చెయ్యి గ్లాసు వైపు వెళ్లబోతే బల్ల కింద నా కాలు తొక్కింది. "తాగీసేం బాబూ. తీయించు" అంది. వడ్డించే అతను హోటలాయన కేసి చూశాడు, హోటలాయన పైకప్పు కేసి చూశాడు. గ్లాసుల మీద ఈగలు వాలాయి. అత్త అలాగే కూర్చుంది. బల్ల ఖాళీ అయితే గానీ కొత్త బేరానికి చోటు లేదు. చివరికి హోటలాయనే వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నాలుగు గ్లాసులూ తీసుకెళ్లాడు. "కాపీ బాగుంది. పంచదారే కూసింత తక్కువైంది" అని అత్త లేచింది.

ఊరు ఒక్క రోజులో మారిపోలేదు. ఆ ఏడు బేండు వాళ్లను ఊళ్లో పెళ్లిళ్లకు పిలవలేదు, వాళ్లు అనకాపల్లి పోయి వాయించుకున్నారు. కానీ తర్వాతి సంతకు మా పేట ఆడవాళ్లు అత్తను వెంటబెట్టుకుని వెళ్లి ఆ బల్లల మీదే కూర్చున్నారు. చూరులోని సత్తు గ్లాసుల్లో పిచ్చుకలు గడ్డి పెట్టుకున్నాయి.

ఇప్పుడు మా ఆవిడ, "తాగిన గ్లాసు అలా వదిలెయ్యకపోతే కడగరాదేటండీ?" అంటుంది. అది మేము పోరాడి సాధించుకున్న హక్కని చెబుతాను. "అది హోటల్లో సాధించేరు. ఇది నా వొంటిల్లు" అంటుంది. న్యాయమే. కడుగుతాను. కడిగాక, ఈ వయసులో కూడా, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. తలెత్తి చూస్తే శ్లాబు. గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, నాలో నేనే నవ్వుకుని గట్టు మీద పెట్టేస్తాను.