మొదటి సగం నా దగ్గరే ఉంది

తెలంగాణ సమ్మె పుణ్యమా అని మా కాలేజీ మూతపడింది. ఈ నెలంతా చదువుతూనే గడిపాను. దాదాపు అన్నీ డ్రాగన్లు, మంత్రగాళ్ల నవలలే. మధ్యలో తేనెటీగల గురించి ఒకటి, సముద్రయానాల చరిత్ర ఒకటి. అన్నీ కొత్తపేటలోని అద్దె లైబ్రరీవే. దాని యజమాని లావు నవలని రెండుగా విడగొట్టి, బైండు చేయించి, ఏ సగానికా సగం అద్దెకిస్తాడు.

ఈ సాయంత్రం నేను చదివేసిన ఒక మొదటి సగం పట్టుకుని రెండో సగం కోసం వెళ్తే, దాన్ని చదివేసిన మనిషి అక్కడే ఉన్నాడు. హయత్‌నగర్ ఆయన, సమ్మెలో ఉన్న బస్సు కండక్టర్. నా చేతిలోని పుస్తకం కోసం ఎదురుచూస్తున్నాడు.

"వెనక నుంచి చదివారా? రాష్ట్రం కూడా ముందు తీసేసుకుని, కారణాలు తర్వాత వెతుక్కుంటారా?" అన్నాను. మాది గుంటూరు. నోరు ఊరుకోదు.

ఆయన నవ్వలేదు. "గదొక్కటే దొరికింది మేడం. రాకుమారిని సంపేది గా ముసలి గురువే. ఎందుకు సంపిండో సమజ్ కాలే. ముందు సగంల ఉంటది గదా," అన్నాడు.

మొదటి సగమంతా నేను నమ్ముకున్న గురువు. ఎందుకు చంపాడో మాత్రం నాకు అక్కడికక్కడే అర్థమైపోయింది.

చదివేసిన ఆ సగాన్నే ఇంకో నెలకు రాయించుకున్నాను.

"మళ్ల చదువుతరా?" అని అడిగాడు కండక్టర్.

"లేదండీ," అన్నాను.

గురువు చంపిన కారణం ఆయనకు చెప్పాల్సిందంటారా? మీరు ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు, నెల రోజులుంది.