కరెంటు పోయినప్పటి వాక్యం

దాజీ పేట్ కార్ఖానాలో తువ్వాళ్లు నేసే సిద్ధరాములు ఇప్పటికి రెండు కథల పుస్తకాలు అచ్చేయించాడు. ఆయన కథ కట్టేది కాగితం మీద కాదు, మరమగ్గం ముందు. నూలుదుమ్ముతో తెల్లబడ్డ కనుబొమ్మలు ముడేసి, తెగిన పోగు అతుకుతూ, ఒక్కో వాక్యాన్ని గొంతెత్తి అరుస్తాడు. నచ్చకపోతే మార్చి మళ్లీ అరుస్తాడు. మగ్గాల మోతలో ఎవరికి వినపడుతుంది గనక! కథలు మాత్రం ఎక్కడివో కావు, వాడకట్టువే. పక్క మగ్గం అంబాదాస్‌తో ఆయనది ఇరవై ఏళ్ల స్నేహం. మోతలో ఇద్దరూ పెదవులు చూసే మాటలు పట్టుకుంటారు. మొన్న చాయ్ తాగుతూ, ఎవరికీ చెప్పనిది అంబాదాస్ ఆయనొక్కడికే చెప్పుకుని ఏడ్చాడు.

నిన్న మధ్యాహ్నం సిద్ధరాములు ఆ కథే కడుతున్నాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి, ఆయన గొంతు మాత్రం ఆగలేదు.

"లేచిపోయిన బిడ్డ తిరిగొచ్చి తలుపు కొడితే అంబాదాస్ గడియ తియ్యలే!"

కార్ఖానా అంతా విన్నది. అంబాదాస్ చేతిలో నూలు కండె అట్లాగే ఉండిపోయింది.

"కడుపుల దాసుకుంటవని భరోసతోని చెప్పిన గద అన్నా," అన్నాడు మెల్లగా.

"పేరు మార్చుదామనుకున్న తమ్మీ..." అన్నాడు సిద్ధరాములు.

ఇంతలో కరెంటు వచ్చి మగ్గాలు మళ్లీ మోగాయి. ఆ మోతలో "తప్పయింది" అని పెదవులు కదిపాడు. అది చూడకుండా అంబాదాస్ గోడవైపు తిరిగాడు. వద్దు వద్దనుకుంటూనే సిద్ధరాములు పెదవులు మళ్లీ కదిలాయి:

"అంబాదాస్ గోడదిక్కు తిరిగిండు."