ఖర్జూరపు గింజలతో ఓట్లేసిన శుక్రవారం

డెబ్భై ఆరో సంవత్సరం, మార్చి నెల పన్నెండో తారీఖు, శుక్రవారం, పొద్దున పదకొండు గంటలకు మా క్యాంపులో ఓట్లు పడ్డాయి. గంటతో సహా చెప్పగలను, ఎందుకంటే పన్నెండుకు మాకు గడువు. నాకప్పటికి అక్షరం రాకపోయినా గడియారం చూడడం వచ్చు.

మస్కట్ పక్కన వాడి కబీర్‌లో, రాళ్ల కొండల నడుమ మా క్యాంపు. ఇప్పుడక్కడ ఫ్లాట్లు, స్కూలు బస్సులూ ఉన్నాయంటారు. అప్పుడు రేకుల రూములు, ఒక వంటశాల, నీళ్ల ట్యాంకరు ఆగే చోటు, అంతే. ముప్పై ఎనిమిది మందిమి రోడ్డు పనికి వచ్చినవాళ్లం. ఆ నెలలో సిమెంటు నిలవ వేసే రూము ఒకటి ఖాళీ అయింది. మా సూపర్‌వైజరు ఒమానీ మనిషి, అందరం అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్లం. ఆయన హిందీలో ఒకటే మాట చెప్పాడు. శుక్రవారం పన్నెండుకు నేను నమాజుకు వెళ్తాను, ఆలోపు ఆ రూము దేనికో అందరూ కలిసి ఒక్క మాటగా చెబితే తాళంచెవి ఇస్తాను, లేదంటే శనివారం అందులో పైపులు పడతాయి అన్నాడు.

ఒక్క మాట మా దగ్గర ఎక్కడిది? మా బావ, అంటే నా భార్యకు సొంత అన్న, క్యాంపులో పెద్ద మేస్త్రీ. ఆయనకు అక్కడ క్యారమ్ బోర్డు పెట్టాలని. నాకు బడి పెట్టాలని. సగం మంది అటు, సగం మంది ఇటు. ఎవరు ఎటో మాత్రం ఎవరూ బయటపడరు.

నాకు బడి ఎందుకు కావాలో దాచిపెట్టను. మాకు వచ్చిన ఉత్తరాలను ప్రతి శుక్రవారం వంటశాలలో టైం కీపరు గారు పైకి చదివేవారు. ఆయనది కాకినాడ వైపు. ఒకరి ఇంట్లో బర్రె ఈనినా, ఒకరి తల్లికి మోకాలు వాచినా ముప్పై ఎనిమిది మందికీ తెలిసేది. నా భార్య ఐదో తరగతి దాకా చదువుకుంది. ఆ శుక్రవారానికి నాలుగు వారాల ముందు ఆమె ఉత్తరం చదువుతూ చదువుతూ టైం కీపరు గారు సగంలో ఆగిపోయారు. "ఇక్కడిదాకా చదివిన అన్నగారికి దండాలు, కింద రాసింది మా ఆయన ఒక్కడికే, దయచేసి ఆపండి" అని రాసి ఉందట.

"ఇది నేను చదవకూడదండి," అని మడిచి నా చేతిలో పెట్టారు.

వంటశాల అంతా ఈలలు. నేను ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టుకుని, రోజూ డ్యూటీ నుంచి రాగానే తీసి చూసేవాణ్ణి. చీమలు పాకినట్టు ఉండేది. ఇంకొకరితో చదివించుకోవచ్చు కదా అంటారేమో. ఆమె వద్దని రాసింది. ఇక ఎట్లా చదివిస్తాను?

బడి అన్న ఆలోచన మాత్రం నా సొంతం కాదు. బుల్డోజరు నడిపే అన్న ఒకాయన ఉండేవాడు, బళ్లారి దిక్కు తెలుగాయన. ఇక్కడికి రాకముందు మైసూరు అవతల టిబెట్ కాందిశీకుల ఊళ్లలో నాలుగేళ్లు ట్రాక్టరు నడిపాడు. ఆ కబుర్లు తప్ప ఆయనకు వేరే కబుర్లు లేవు. మంచు కొండలు దాటి ఒంటి మీది బట్టలతో వచ్చారట. సర్కారు అడవి చూపిస్తే చెట్లు కొట్టి మొక్కజొన్న వేశారట. అందరికీ కలిపి ఒక దుకాణం, ఒక దవాఖానా, దిక్కులేని ముసలివాళ్లకు ఒక ఇల్లు. ఏ క్యాంపుకు ఆ క్యాంపు పెద్దను జనమే కూర్చుని ఎన్నుకుంటారట.

"వాళ్లకు దేశమే లేదప్పా," అనేవాడు. "అయినా బడి కట్టుకొన్యారు. మీకు దేశముండాది, పాస్‌పోర్టు ఉండాది. దాంట్లో యాలిముద్రలు ఏసుకొని తిరుగుతాండారు."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఓట్ల ఉపాయం కూడా ఆయనదే. పాలపొడి డబ్బాలు రెండు తెచ్చాడు. ఒకదానికి సున్నం పూశాడు, అది బడి. ఒకదానికి తారు పూశాడు, అది క్యారమ్. అర్బాబ్ తన తోట నుంచి పంపిన ఖర్జూరపు బుట్ట ఉంది. ఒక్కొక్కడు ఖాళీ రూములోకి పోవాలి, ఒక ఖర్జూరం తినాలి, గింజ తనకు నచ్చిన డబ్బాలో వేసి రావాలి. చదువు రాని వాళ్లకు ఇంతకంటే సులువు ఏముంది?

పదకొండుకు మొదలైంది. తలుపుకు గోనెపట్టా కట్టాం. ఒకడు పోతున్నాడు, నములుతూ వస్తున్నాడు. కొందరు చాలాసేపు నమిలారు. చివరికి డబ్బాలు బోర్లించి టైం కీపరు గారు లెక్కపెట్టారు. సున్నం డబ్బాలో అరవై నాలుగు. తారు డబ్బాలో తొంభై ఏడు.

"ఇదేం లెక్కండీ బాబూ! ఉన్నది ముప్పై ఎనిమిది మంది కదా!"

తప్పు మాదే. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషిని బుట్టెడు ఖర్జూరాల దగ్గర ఒంటరిగా వదిలితే ఒకటి తిని వస్తాడా? గింజ కింద పారేద్దామంటే ఆ నేల పొద్దున్నే మేమే ఊడ్చుకున్నాం. అందుకని తిన్న గింజలన్నీ భక్తిగా డబ్బాలో వేసి వచ్చారు.

"ఎట్లయితేంది, నా డబ్బల ఎక్కువున్నయి. గెలిచినం," అన్నాడు బావ.

"నువ్వొక్కనివే ఇరవై తిన్నవు గదా బావా!"

"తింటే? తిన్నోనికి ఓటు లేదా?"

నవ్వులు, కేకలు. గడియారం చూశాను. పదకొండు ముప్పై ఐదు.

"గింజలు వద్దు, మనుషులే నిలబడండి," అన్నాడు బుల్డోజరన్న. బడి కావాలనేవాళ్లు ట్యాంకరు వైపు, క్యారమ్ వాళ్లు వంటశాల వైపు. నేను పరుగెత్తి ట్యాంకరు వైపు నిలబడ్డాను. వెనక్కి చూస్తే టైం కీపరు గారు, బుల్డోజరన్న తప్ప ఒక్కడూ లేడు. ఈ వరుసలో నిలబడితే నాకు చదువు రాదని పదిమందిలో ఒప్పుకున్నట్టే. అదీ వాళ్ల సిగ్గు. ఆ ఇద్దరికీ చదువు వచ్చు, వాళ్లకేం సిగ్గు?

నాకు ఒళ్లు మండింది.

"నా పెండ్లాం రాసిన సగం ఉత్తరం నాలుగు వారాలసంది పెట్టెల పడున్నది! అండ్ల ఏమున్నదో నాకే తెల్వదు! మీ ఇండ్లళ్ల ఆడోళ్లకు మీతోని చెప్పుకునే ముచ్చట్లు లెవ్వా? ఉంటె ఇటు రాండ్రి! లేకుంటె ఆడనే ఉండుండ్రి!"

సిరిసిల్ల నేతన్న ఒకడు తల వంచుకుని ఇటు నడిచాడు. వాని వెనక ఇద్దరు. ఆ వెనక గుంపు.

"నాకు పెండ్లే కాలేదు, నేనెటు పోవాలె?" అని అరిచాడు ఒకడు.

"రేపన్న అయితది గదరా, ఇటు రా!"

ఇరవై రెండు మంది ఇటు, పదహారు మంది అటు. బావ అటే ఉన్నాడు, కదల్లేదు. పన్నెండుకు ఏడు నిమిషాలు. అందరం ఒకటే ఉరుకుడు. అర్బాబ్ తెల్లటి బట్టలు కట్టుకుని అప్పటికే ఆఫీసుకు తాళం వేస్తున్నాడు.

"ఒక్క మాటేనా?" అని అడిగాడు.

"ఒక్క మాటే. బడి," అన్నాను ఆయాసపడుతూ.

ఆయన నన్ను చూడలేదు, బావను చూశాడు. మేస్త్రీ మాట వేరే ఉందని ఆయనకు ముందే తెలుసు. బావ కాదంటే అంతే, పైపులే. బావ మెడ గోక్కున్నాడు.

"పొద్దూకంగ బడి. బడి విడిచినంక క్యారమ్," అని మాతో అని, ఆయనతో హిందీలో "ఏక్ బాత్, అర్బాబ్" అన్నాడు.

తాళంచెవి నా అరచేతిలో పడింది. నేను ఎగిరాను. నిజంగానే ఎగిరాను, ముప్పై ఒక్క ఏళ్లవాణ్ణి.

తిరిగి వస్తుంటే బావ పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు: "మా చెల్లె ఏం రాసిందిరా?"

"చదివినంక గూడ నీకు చెప్ప."

ఆ సాయంత్రమే చెక్కకు నల్ల రంగు వేసి టైం కీపరు గారు అ, ఆ రాశారు. ఆ ఉత్తరం పూర్తిగా చదవడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అందులో ఏముందో మీకూ చెప్పను. ఎవరికీ చెప్పకుండా ఉండడానికే కదా చదువుకున్నాను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు వీరు. పేర్లు రాస్తే తిట్టేవాళ్లు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు. జగిత్యాల వైపు కంకర పనివాళ్లు పదకొండు మంది. నిర్మల్ వైపు వాళ్లు తొమ్మిది మంది. సిరిసిల్ల నేతన్నలు ఏడుగురు. కామారెడ్డి వంటవాళ్లు ముగ్గురు. కోస్తా వడ్రంగులు ముగ్గురు. పెండ్లి కాని మా ఊరివాడు. టైం కీపరు గారు. బుల్డోజరన్న. మా బావ. నేను. తాళంచెవి ఇచ్చిన అర్బాబ్.