పిడకల కింద సింహద్వారం

ఇది ఎప్పుడో రాయాల్సింది. కానీ అప్పట్లో నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు తమ్ముళ్ళను ఎత్తుకోవడంతోనే సరిపోయింది, బడి మొహం చూడలేదు. మనవలు పుట్టాక వాళ్ళ పలక మీదే నేనూ దిద్దుకున్నాను.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ప్రాంతం. విజయనగరం కోట పక్క సందులో మా అత్తవారి ఇల్లు. రాజుల కొలువులో పనిచేసిన వాళ్ళెవరో కట్టించుకున్న మండువా లోగిలి. వ్యాపారం కలిసొచ్చాక మా మావగారి తండ్రి కొన్నారట. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు. వీధి నడవలో తీగలు చెక్కిన టేకు స్తంభాలు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఆ నడవ, వీధి గుమ్మం మా బావగారి వాటాకి పోయాయి. మాకు వెనక గదులు, కోట కందకం వైపు పెరడు మిగిలాయి.

నా ఏడుపంతా ఆ గుమ్మం మీదే. ప్రతి శుక్రవారం మా తోడికోడలు తలస్నానం చేసి, గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. తర్వాత స్తంభానికి జారబడి వారపత్రిక చదువుకునేది. ఆవిడకి చదువొచ్చు. ఇంటికి ఇంకో దారి లేదు కనుక, బిందె చంకనెట్టుకుని, ఆ తడి పసుపు తొక్కకుండా చీర ఎత్తిపట్టి నేను దాటాలి. ఆవిడ కాళ్ళు ముడుచుకునేది కూడా కాదు.

పెరటి గోడలో ఒకచోట గూడులా లోపలికి ఉండేది. ఎండ బాగా పడుతుందని మా అత్తగారి కాలం నుంచీ అక్కడే పిడకలు కొట్టేవాళ్ళం. వానలకు ముందు ఒకరోజు పిడకలు ఊడదీస్తుంటే సున్నం పెచ్చు కూడా రాలింది. కింద నల్లటి చెక్క. కొడవలి మొనతో గోకితే ఏనుగు తొండం కనిపించింది. ఇంకాస్త గోకితే తామరపువ్వులో లక్ష్మి.

సాలూరు నుంచి వచ్చి ఉన్న మా ఆయన మేనత్త చూసి పకపకా నవ్వేసింది.

"ఏటే పిల్లా, ఇదే కదే సింహద్వారం! అప్పట్లో బళ్ళు కందకం ఒడ్డమ్మటే నడిసేవి. ఆ వీధేపు రోడ్డు పడ్డాక ఇంటిని తిప్పీసేరు. మీరు లచ్మీదేవి మొహాన పేడ కొట్టేరే!"

అంటే ఇన్నాళ్ళూ మా తోడికోడలు దర్జాగా కూర్చున్నది పెరటి నడవలో! నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆవిడ వచ్చి మూతి తిప్పింది.

"ఈ కందకం దోమల కాడ సింహద్వారమేటి?"

"మా నాన్న సెప్పేడు, నాను అబద్దమాడతానా?" అంది మేనత్త.

మా తోడికోడలు వెంటనే మాట మార్చింది. "అయితే అది పెద్దకోడలి గడపే కదేటి. రేపు శుక్రవారం నానే వచ్చి పసుపు రాస్తాను."

"నా వాటాలోకా, అక్కా?"

"ఇల్లొకటే కదే. వాటాలు మగాళ్ళకి."

సాయంత్రం మా ఆయన చేత మిగతా సున్నం రాలగొట్టించి, ఆ తలుపు తుప్పుపట్టిన గొళ్ళెం ఊడగొట్టించాను.

మర్నాడు వేకువనే తలస్నానం చేసి, ఆ గడప కడిగి, పసుపు రాశాను. తెల్లవారగానే కుంకుమ భరిణె పట్టుకుని నా గుమ్మంలోంచి బయటికొచ్చి, కందకం ఒడ్డమ్మట తిరిగి వీధివైపు వెళ్ళాను. ఒకే ఇంటి ఆడవాళ్ళని ఎవరూ బొట్టు పెట్టి పిలవరు, పొరుగిళ్ళ వాళ్ళనే పిలుస్తారు. పసుపు గిన్నెతో బయల్దేరబోతున్న మా తోడికోడలి నుదుట బొట్టు పెట్టి, "సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రండి" అన్నాను.